ఇంటి పోర్టికోలో ఇంజన్ క్రేన్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పంపు కొట్టి బండిలోంచి ఇంజనును బయటికి ఎత్తే హైడ్రాలిక్ సాధనం, రెండు టన్నుల మడత ఇంజన్ క్రేన్, ఇరవై రెండు వేలకు దొరుకుతుందంటే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం ఒకటే. ఇది నిజంగా బరువు మోస్తుందా, లేక ఇంజను గాల్లో ఉండగా చేతులెత్తేస్తుందా? మోస్తుంది. చవక క్రేన్ మీద నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ వాటిలో ఇది లేదు. ఎత్తడం దానికి నల్లేరు మీద బండి నడక. తంటా అంతా దింపేటప్పుడే. ఆ తర్వాత చక్రాలు, బోల్టులు, ఆయిల్ సీలు. తయారుచేసినవాడు డబ్బు ఎక్కడెక్కడ మిగుల్చుకున్నాడో పెట్టె విప్పిన రోజు కనపడదు, కొన్నేళ్లు వాడితేనే బయటపడుతుంది.

నేనుండేది విజయవాడ అజిత్ సింగ్ నగర్‌లో. కింద పోర్టికో, పక్కనే చిన్న రేకుల షెడ్డు. ఉద్యోగం వేరే, బండ్ల పని ఆదివారాల సరదా. ఒక పెట్రోల్ అంబాసిడర్, ఒక మారుతి 800 ఉన్నాయి. అంబాసిడర్‌ది పాత 1489 సీసీ బీఎంసీ ఇంజను, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. గేర్‌బాక్స్‌తో కలిపి తూస్తే రెండు క్వింటాళ్ల చుట్టుపక్కల ఉంటుంది. మారుతిది 796 సీసీ, మూడు సిలిండర్ల తేలిక ఇంజను, దానికి క్రేన్ కూడా దండగే అనేవాళ్లున్నారు. రోజూ ఇంజన్లు దింపే గ్యారేజీలకు ఈ సమీక్ష పనికిరాదు, వాళ్ల లెక్కలు వేరు.

ముందు అసలు కొనాలా వద్దా అన్న సంగతి. ఆటోనగర్‌లో మేస్త్రికి చెబితే మూడు కాళ్ల స్టాండు, చైన్ బ్లాక్ వేసుకొచ్చి ఒక పూటలో ఇంజను దింపి పెడతాడు. జీవితంలో ఒక్కసారి దింపేవాళ్లు క్రేన్ జోలికి వెళ్లకండి, ఆ డబ్బుతో మంచి స్పానర్లు కొనుక్కోండి. మనలాంటివాళ్ల ఇబ్బంది వేరే ఉంది. ఇంజను దింపాక క్రాంక్ గ్రైండింగ్‌కి పంపాలి, అరిగిన సిలిండర్లను కోసి సమం చేసే బోరింగ్ చేయించాలి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వెతకాలి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఉత్తరపారాలో ఆగిపోయింది కాబట్టి కొన్ని సామాన్ల కోసం కొట్టు కొట్టూ తిరగాల్సిందే. అవన్నీ చేతికొచ్చేసరికి పండగ వస్తుంది, పండక్కి చుట్టాలొస్తారు. మళ్లీ ఎక్కించే రోజున మేస్త్రి ఖాళీగా ఉండడు. "ఈ ఆదివారం పక్కా సార్" అంటాడు. ఏ ఆదివారమో చెప్పడు.

చైన్ బ్లాక్‌ను మాత్రం తక్కువ అంచనా వేయకండి. ఒక టన్ను మోసేది, మూడు మీటర్ల ఎత్తు లేపేది నాలుగైదు వేలకే వస్తుంది. కొనేటప్పుడు ఐఎస్ 3832 అని రాసి ఉందేమో చూసుకోండి, చేత్తో లాగే చైన్ బ్లాక్‌లకు మన దేశంలో ఉన్న ప్రమాణం అది. చేతి గొలుసు జానెడు లాగితే ఇంజను వెంట్రుకవాసి కదులుతుంది, వదిలేస్తే ఉన్నచోటే ఆగిపోతుంది. ఏ హైడ్రాలిక్ క్రేనూ అంత మెత్తగా దింపదు. చిక్కు ఎక్కడ వేలాడదీయాలన్న దగ్గరే వస్తుంది. పోర్టికో స్లాబుకు ఫ్యాన్ కొక్కెం ఉంది కదా అని పైకి చూసేవాళ్లను నేనెరుగుదును. ఆ కొక్కెం నాలుగైదు కిలోల ఫ్యాను కోసం వేసింది, దానికి రెండు క్వింటాళ్లు తగిలించే మాట మర్చిపోండి. మూడు కాళ్ల పైపు స్టాండు వేస్తే కాళ్లు పక్కలకు జారిపోకుండా కింద గొలుసుతో కలిపి కట్టాలి. పైగా అది కదలదు. ఇంజను పైకి లేచాక బండినే వెనక్కి నెట్టాలి. మా పోర్టికో గేటు వైపు వాలుగా ఉంటుంది. ఇంజను గాల్లో వేలాడుతుంటే వాలు మీద బండిని ముగ్గురు పట్టుకుని నెట్టడం నాకు నచ్చే పని కాదు. అందుకే క్రేన్ కొన్నాను. బండిని ముందుకూ వెనక్కీ కదపడానికి చదునైన చోటున్నవాళ్లకైతే నా ఓటు ఇప్పటికీ చైన్ బ్లాక్‌కే.

క్రేన్ ఏ కంపెనీదో చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు. ఈ ధరలో వచ్చేవన్నీ దాదాపు ఒకే నమూనా, రంగూ స్టిక్కరూ మారతాయంతే. ఆన్‌లైన్‌లో పెడితే ఇంటికి రాదు, ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌కి వస్తుంది. ఎనభై కిలోల దాకా ఉన్న పెట్టె, టాటా ఏస్ మాట్లాడుకుని తెచ్చుకున్నాను. అట్టపెట్టె ఒక మూల చిరిగి ఉంది, బోల్టుల కవరు పగిలి కొన్ని దారిలోనే రాలిపోయాయి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "పంపిస్తున్నాం సార్" అన్నారు. ఇప్పటికీ పంపిస్తూనే ఉన్నారు.

ఒక రకంగా మంచిదే అయింది. ఉన్న బోల్టులు పట్టుకుని చూస్తే తలల మీద ఏ అంకే లేదు. మంచి బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో కొట్టి ఉంటుంది, దాని బలం అందులో తెలిసిపోతుంది. అంకె లేనిదాన్ని గేటుకు బిగించుకోవచ్చు, దాని కింద చేతులు పెట్టి పనిచేయకూడదు. ఆటోనగర్ నట్టుబోల్టు కొట్లలో కిలోల లెక్కన అమ్ముతారు. మాస్టు (నిలువు స్తంభం) అడుగున, బూమ్ (కొక్కెం వేలాడే పై చెయ్యి) తిరిగే చోట, రామ్ (బూమ్‌ను పైకి తోసే హైడ్రాలిక్ జాకీ) రెండు కొసలా, కాళ్ల దగ్గర, అన్నిచోట్లా 8.8 వేశాను. మొత్తం అయిదారు వందలు అయ్యుంటుంది. ఇరవై రెండు వేల వస్తువులో ఆ అయిదారు వందల దగ్గర పిసినారితనం దేనికో నాకు అర్థం కాదు. కొక్కేనికి వచ్చిన గొలుసు కూడా తీసేశాను. బరువులెత్తే అల్లాయ్ గొలుసు లింకుల మీద అక్కడక్కడ 8 అనో 80 అనో గుర్తు ఉంటుంది. పెట్టెలో వచ్చినది కుక్కను కట్టుకోవడానికి బాగుంటుంది.

వెల్డింగ్ చూడాలంటే రంగు మీద నుంచి చూడకండి. వైరు బ్రష్‌తో కాస్త గీకి చూడండి. మాస్టు కింద, కాళ్లు మడిచే బ్రాకెట్ దగ్గర ఒక అతుకులో సూది రంధ్రాలు వరసగా కనిపించాయి. మా సందు చివర గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో ఆ ఒక్క చోటా గ్రైండ్ చేయించి మళ్లీ కొట్టించాను. మిగతావి బాగానే ఉన్నాయి.

ఇంజను తగిలించే ముందు ఒక పరీక్ష పెట్టాను, ఇది ఎవరైనా చేయొచ్చు. పక్క వీధిలో ఇల్లు కడుతుంటే సిమెంటు బస్తాలు ఆరు అడిగి తెచ్చాను. బస్తా యాభై కిలోలు కాబట్టి మూడు క్వింటాళ్లు, అంటే నా ఇంజను కంటే ఎక్కువే. మందమైన చెక్క పలక మీద పేర్చి, నాలుగు మూలలా గొలుసు వేసి, బూమ్ పూర్తిగా చాపి జానెడు ఎత్తు లేపాను. రామ్ రాడ్ సిలిండర్‌లోకి వెళ్లే అంచు దగ్గర మార్కర్‌తో ఒక గీత గీశాను. భోజనం చేసి వచ్చి చూస్తే గీత దాదాపు అక్కడే ఉంది, గోరు మందం కిందికి దిగిందేమో. బూమ్ వంగలేదు, అతుకుల దగ్గర రంగు పగల్లేదు. ఆ రోజే ఆ గీత కిందికి జారి ఉంటే వెనక్కి పంపడానికి ఇంకా గడువుండేది. ఇంజను దింపేరోజు దాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది.

బూమ్ పూర్తిగా చాపానన్నాను, దాని లెక్క తెలియకపోతే రెండు టన్నులన్న మాట నమ్మి దెబ్బతింటారు. బూమ్ మీద నాలుగు రంధ్రాలుంటాయి. లోపలికి ఉన్నప్పుడు రెండు టన్నులు, తర్వాత ఒకటిన్నర, ఒకటి, చివరిదానికి అర టన్ను. అంబాసిడర్ ముక్కు పొడుగు, బానెట్టూ రేడియేటరూ తీసేసినా చివరి రంధ్రానికి వెళ్తే గానీ కొక్కెం ఇంజను మీదికి రాదు. అంటే ఈ బండికి నాది అర టన్ను క్రేనే. జాకీ మీదేమో 8 టన్నులని ఉంటుంది. అందులో మోసం లేదు. జాకీ బూమ్‌ను తోసేది మాస్టుకు దగ్గరగా, బరువు వేలాడేది దూరంగా. ఆ దూరాల తేడాకు సరిపడా జాకీ ఎన్నో రెట్లు ఎక్కువ తోయాలి. కొనేటప్పుడు పెద్ద అంకె చూడకండి, చివరి రంధ్రం పక్కనున్న అంకె చూడండి.

ఇక దింపడం. జాకీలో నూనె ఒత్తిడిని వదిలే రిలీజ్ వాల్వును పంపు కొట్టే కడ్డీ చివర గాడితో తిప్పాలి. కొంచెం తిప్పితే ఏమీ జరగదు. ఇంకొంచెం తిప్పినా ఏమీ ఉండదు. ఇంకో పిసరు తిప్పగానే ఇంజను బెత్తెడు కిందికి దభీమని దిగి, గొలుసు మీద ఊగుతుంది. ఇంజను కూర్చునే మౌంట్ల రంధ్రాలు కలిపే సమయంలో, ఒకరి వేళ్లు అక్కడ ఉండగా ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మా పద్ధతి ఏమిటంటే వాల్వు దగ్గరున్న మనిషి నోటితో "వదుల్తున్నా" అనేదాకా ఎవరి చెయ్యీ కింద ఉండకూడదు. వాల్వు తలకు మూరెడు పొడవు హ్యాండిల్ ఒకటి వెల్డింగ్ చేయించాక పిసరు పిసరుగా తిప్పడం కుదిరింది. విజయవాడ ఎండలకు పల్చటి నూనె ఇంకా పల్చబడుతుందని 32 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ తీసేసి 46 పోశాను, దిగడం కాస్త నెమ్మదించింది. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. నూనె మార్చాక వాల్వు వదులు చేసి ఖాళీగా పంపు కొడితే లోపలి గాలి పోతుంది. గాలి మిగిలితే రామ్ స్పంజి మీద కూర్చున్నట్టు ఊగుతూ లేస్తుంది. మారుతి ఇంజను తేలిక కాబట్టి దానికి ఇంకో ఉపాయం ఉంది. క్రేన్ కొక్కేనికి అర టన్ను చైన్ బ్లాక్ తగిలించి, క్రేన్‌తో ఎత్తి బ్లాక్‌తో దింపుతాను. ఎత్తు కొంత తగ్గుతుంది గానీ పని హాయిగా సాగుతుంది.

క్రేన్‌తో పాటు కచ్చితంగా కొనాల్సింది లోడ్ లెవెలర్, అంటే కొక్కేనికీ ఇంజనుకూ మధ్య తగిలించి ఇంజను వాలు మార్చే మర. రెండున్నర వేలు పెట్టాను. అంబాసిడర్ ఇంజను గేర్‌బాక్స్‌తో కలిసి బయటికి రావాలంటే ముక్కు పైకెత్తి, తోక కిందికి వంచి, ఏటవాలుగా లాగాలి. లెవెలర్ మర తిప్పుతూ ఉంటే ఆ వాలు దానంతటదే వస్తుంది. లేకపోతే ఇద్దరు మనుషులు గేర్‌బాక్స్ మీద వేలాడాలి. కొత్తలో మర పొడిగా, గరగరలాడుతూ ఉంటుంది, గ్రీజు పట్టించి ఖాళీగా అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి అప్పుడు వాడండి.

చక్రాల గురించి ఒక మాట. మన ఇళ్లలో పోర్టికోకి గళ్ల పార్కింగ్ టైల్స్ వేస్తారు కదా, క్రేన్ ముందు చక్రాలు ఆ గాళ్లలో ఇరుక్కుంటాయి. ఒక్క ఇసుక రేణువు, ఒక్క కంకర ముక్క అడ్డొచ్చినా క్రేన్ టక్కున ఆగి ఇంజను ముందుకు ఊగుతుంది. అందుకని ముందు చీపురు పెట్టి ఊడ్చాక, మందం ప్లైవుడ్ షీట్లు పరుస్తాం. ఇంజనును నేలకు బెత్తెడు ఎత్తులోకి దింపాకే క్రేన్ కదుపుతాం. అంబాసిడర్ కింద ఖాళీ ఎక్కువ కాబట్టి క్రేన్ కాళ్లు సులువుగా దూరతాయి. మారుతికి ముందు భాగం జాకీ స్టాండ్ల మీద ఎత్తితే తప్ప దూరవు, ఇది కొనే ముందు టేపు పెట్టి కొలుచుకోండి. పని లేనప్పుడు మడిచి షెడ్డు మూల నిలబెడితే చోటు పెద్దగా తినదు. మా ఇంట్లో వానాకాలంలో దాని మీద బట్టలు ఆరేస్తారు, నేనేమీ అనను.

హైడ్రాలిక్ మీద బరువు వేలాడదీసి రాత్రంతా వదిలేయకూడదు. మేం ఇంజనును పాత లారీ టైరు మీద దింపేస్తాం, ఇంజను స్టాండు ఇంతవరకు కొనలేదు. ఎప్పుడైనా ఎత్తులోనే ఉంచాల్సి వస్తే ఒక ఏర్పాటు ఉంది. జీఐ పైపు ముక్కను నిలువుగా చీల్చి, బయటికి వచ్చిన రామ్ రాడ్ పొడవుకు సరిపడా కోసుకుని, రాడ్‌కు ఆనించి బైండింగ్ వైరుతో కట్టేస్తాం. ఇక సీలు కారినా బూమ్ దిగదు, బరువు పైపు మీద ఉంటుంది.

ఆ పైపు ముక్క ఒకసారి నా ఇంజనును కాపాడింది. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన సంగతి అందరికీ తెలుసు. అప్పటికి అంబాసిడర్ ఇంజను బోరింగ్ పూర్తయి, హెడ్డు బిగించి, ఎక్కించడానికి సిద్ధంగా పోర్టికోలో టైరు మీద ఉంది. వీధిలో నీళ్లు చీలమండల దాకా ఉన్నప్పుడే క్రేన్ తగిలించాం. మా తమ్ముడు గొలుసు సర్దుతుంటే నేను పంపు కొట్టాను. ఇంజను అడుగునుండే ఆయిల్ సంపు మా ఛాతీ ఎత్తుకు వచ్చాక పైపు ముక్క కట్టేసి, క్రేన్ కాళ్ల మీద ఇటుకలు పేర్చి పైకి వెళ్లిపోయాం. పోర్టికోలో నీళ్లు నడుం దాకా వచ్చాయి. చాలా రోజులు దిగలేదు. ఇంజనుకు చుక్క తగల్లేదు. బండి సీట్లు, వైరింగు ఏమయ్యాయో అడక్కండి.

క్రేన్ కింది సగం మాత్రం అన్ని రోజులూ బురద నీళ్లలోనే నానింది. జాకీ ప్లగ్ తీస్తే నూనె పాలు కలిపిన కాఫీలా వచ్చింది. నీళ్లు లోపలికి పోయాయన్నమాట. రామ్ విప్పి, పాత సీళ్లు పట్టుకుని ఆటోనగర్‌లో ఆయిల్ సీళ్లు అమ్మే కొట్టుకు వెళ్తే కొట్టాయన వెర్నియర్ పెట్టి కొలిచి, డబ్బాలోంచి తీసిచ్చాడు. అన్నీ కలిపి రెండొందల లోపే. కంపెనీ స్పేర్ పార్టుల కోసం ఎదురుచూసే పని లేదు, ఇవన్నీ మామూలు సైజులే. లోపలంతా డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, కొత్త నూనె పోస్తే మళ్లీ పనిలోకి వచ్చింది. వెనక చక్రాల బేరింగులు బిగుసుకుపోతే చక్రాలే మార్చాను. చవక వస్తువులో ఉన్న సుఖం ఇదే అనుకుంటా, లోపల అర్థం కాని భాగం ఒక్కటీ ఉండదు.

అదే వరదలో నా పనిముట్లన్నిటికీ పరీక్ష జరిగిపోయింది. నేను పనిగట్టుకుని పెట్టాలనుకున్నా ఇంతకంటే కఠినంగా పెట్టలేను. టపారియా కాంబినేషన్ స్పానర్లు కడిగి, తుడిచి, నూనె గుడ్డతో రుద్దితే ఇప్పటికీ వాడకంలోనే ఉన్నాయి, పూత పోయిన చోట మచ్చలున్నాయి అంతే. పేరూ ఊరూ లేని బాక్స్ స్పానర్ సెట్టులో మెరుగు పొరలు పొరలుగా లేచి వేళ్లకు గుచ్చుకుంటోంది. నల్ల పూత సాకెట్లు నీళ్లు దిగిన రోజుకే ఎర్రబడ్డాయి గానీ ఉప్పు కాగితం, నూనెతో బాగుపడ్డాయి. రాచెట్లు బురదతో బిగుసుకున్నాయి. స్క్రూ తీసి విప్పడానికి వీలున్నవి డీజిల్‌లో కడిగితే తిరిగాయి, రివిట్ కొట్టి మూసేసినవి పాత ఇనుముకు పోయాయి. రాచెట్ కొనేటప్పుడు వెనక స్క్రూలున్నాయో లేదో చూడండి.

చైన్ బ్లాక్ దగ్గర ఒక ప్రమాదం ఉంది. తడిసింది కదా అని మంచి మనసుతో ఎవరో ఒకరు దాని నిండా నూనె పోస్తారు. లోపల బరువును ఆపేది బ్రేకు బిళ్లల రాపిడే. వాటికి నూనె తగిలితే బరువు ఆగదు. గొలుసుకు, గేర్లకు రాసుకోండి, బ్రేకు వైపు మాత్రం ఆరబెట్టి పొడిగుడ్డతో తుడవండి. నాది విప్పించి బిళ్లలు చూసుకున్నాకే మళ్లీ సిమెంటు బస్తాలెత్తాను.

స్పానర్ల విషయంలో అంబాసిడర్ వాళ్లకు వేరే చికాకు. ఆ బీఎంసీ ఇంజనుది అంగుళాల లెక్క. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే సెట్లన్నీ మిల్లీమీటర్లే. 3/4 నట్టుకు 19 సరిగ్గా పడుతుంది, 5/8కి 16 సర్దుకుపోవచ్చు. అసలు గొడవ 1/2 దగ్గర. అది 12.7 మిల్లీమీటర్లు, 13 పెట్టి గట్టిగా లాగితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఆ ఇంజన్ల మీద అరిగిన నట్లన్నీ చూడండి, ఎక్కువ భాగం ఈ సైజువే. 7/16, 1/2, 9/16 రింగ్ స్పానర్లు, అవే సైజుల సాకెట్లు మంచివి విడిగా కొనుక్కోండి, మిగతావి తర్వాత చూడొచ్చు. మారుతికి 10, 12, 14, 17 ఉంటే చాలా పని అయిపోతుంది. 46 ముక్కల చిన్న సెట్టు అయిదొందలకు వస్తుంది చూశారా, అది డ్యాష్‌బోర్డ్ విప్పడానికి, పిల్లల సైకిలుకి బాగుంటుంది. ఇంజను పనికి తీసుకెళ్లకండి, రాచెట్ పళ్లు జారి చెయ్యి ఫెండర్‌కు కొట్టుకుంటుంది. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ స్క్రూ డ్రైవర్ మాత్రం ఎంత చవకదైనా ఫర్వాలేదు. యాంగిల్ గ్రైండర్, బెంచి వైస్ కూడా అంతే.

టార్క్ రెంచ్, అంటే మనం పెట్టిన బిగువు రాగానే క్లిక్ అనే స్పానరు, వరదకు పోయింది, మళ్లీ చవకదే కొన్నాను. చవకది నిజం చెబుతోందా లేదా ఇంట్లోనే చూసుకోవచ్చు. దాని చదరపు ముక్కును వైస్‌లో బిగించి, రెంచ్ నేలకు సమాంతరంగా ఉండగా, ముక్కు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో పిడి మీద ఇరవై లీటర్ల వాటర్ టిన్ను నిండుగా వేలాడదీయాలి. ఇరవై కిలోలు, 40 సెంటీమీటర్లు అంటే 78 న్యూటన్ మీటర్ల పైన. టిన్ను, రెంచ్ సొంత బరువులు కలిపితే ఇంకొంచెం. 75 దగ్గర పెడితే క్లిక్ అనాలి, 90 దగ్గర పెడితే అనకూడదు. నాది ఆ మధ్యలోనే ఉంది, హెడ్డు బోల్టులకు నమ్మి వాడుతున్నాను. పని అయ్యాక స్ప్రింగును కనిష్ఠానికి తిప్పి పెట్టండి.

నేను ఒక్క రూపాయి కూడా తగ్గించుకోని చోటు జాకీ స్టాండ్లు. వాటి మీద నిలబెట్టిన బండి కింద మనం పడుకుంటాం. డాలస్‌లో ఉన్న మా బావమరిది అక్కడి చవక పనిముట్ల కొట్టు హార్బర్ ఫ్రైట్‌ను తెగ పొగుడుతుంటాడు, మనకు అలాంటిది లేదని నాకూ కుళ్లు. అదే హార్బర్ ఫ్రైట్ 2020లో పిట్స్‌బర్గ్ పేరుతో అమ్మిన జాకీ స్టాండ్లను పదిహేడు లక్షల దాకా వెనక్కి పిలిచింది. పళ్ల కడ్డీని పట్టుకునే నాలుక సరిగ్గా కూర్చోక, బరువు మీద ఉండగా జారే అవకాశం ఉందన్నది కారణం. అప్పటి నుంచి నేను పళ్ల రకం మానేసి, అడ్డంగా లావు పిన్ను గుచ్చే రకమే వాడుతున్నాను. ఎత్తు మార్చడం చిరాకే, రంధ్రాల మధ్య దూరం ఎక్కువ. కానీ పిన్ను గుచ్చుకుందో లేదో కళ్లతో చూడొచ్చు. దానితో పాటు తీసేసిన చక్రాన్ని కూడా బండి కింద పడుకోబెట్టి ఉంచుతాం. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద బండి నిలబెట్టి కింద దూరేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్.

వరద తర్వాత సెకండ్ హ్యాండ్ క్రేన్లు, జాకీలు చాలా అమ్మకానికి వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. రంగు కొత్తగా మెరుస్తుంటే అక్కడే అనుమానించండి. రామ్‌ను పూర్తిగా పైకి చాపించి, రాడ్ మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి లాగండి. గోరుకు చుక్కలు చుక్కలుగా గుంటలు తగిలితే ఆ రాడ్ కొత్త సీలును కూడా కోసేస్తుంది, ఎన్నిసార్లు మార్చినా నూనె కారుతూనే ఉంటుంది. అప్పుడు రామ్ మొత్తం కొత్తది వేసుకోవాలి, అది ఆరేడు వేల మాట. ఆ డబ్బు ముందే తీసేసి బేరం ఆడండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే క్రేన్ అక్కడే వదిలేసి, వాడి దగ్గర మంచి లెవెలర్ ఏదైనా ఉందేమో అడిగి చూడండి.